మశూచి నేర్పిన లెక్క

మాటలకు కూడ ఆయుర్దాయము ఉన్నది. కొన్ని మాటలు జనుల నాలుకపై పుట్టి పెరిగి, తమ పని తీరిన పిమ్మట నిఘంటువులోనికి వెళ్ళి విశ్రమించును. "మశూచి" అట్టి మాట. ఒకనాడు తరగతిలో ఈ మాటకు అర్థము అడిగినపుడు చెప్పగలిగినవారు ఇద్దరు ముగ్గురు మాత్రమే. ఉర్దూ చదివెడి ఒక విద్యార్థి "చేచక్" అన్నాడు గాని, అది ఎట్లుండునో అతడును ఎరుగడు. వారికి తెలియకపోవుటకు నేను విచారించలేదు. ఒక రోగము పేరే పిల్లలకు తెలియని కాలము వచ్చినదనగా, దానిపై మానవుడు సాధించిన విజయమునకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

అయితే అదే తరగతిలో మరొక మాటకు అర్థము అడుగవలసిన పనియే లేదు. "క్రియాటినిన్" అనునది వైద్యశాస్త్రములోని పరదేశపు మాట. ఇతర జిల్లాలలో అది వైద్యుల నోటను, పరీక్షశాలల కాగితములపైనను మాత్రమే ఉండును. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల పిల్లలకు అది ఇంటి మాట. "మా నాన్నకు రెండున్నర ఉన్నది, మా పెదనాన్నకు ఆరు దాటినది" అని వారు పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పినంత తేలికగా చెప్పుదురు. అక్షరము రాని ముసలమ్మలు సైతము ఆ మాటను తప్పు లేకుండ పలుకుదురు.

ఒక మాట మన ఊళ్ళనుండి వెళ్ళిపోయినది. మరొక మాట వచ్చి కూర్చున్నది. మొదటిది ఎట్లు వెళ్ళినదో సరిగా తెలిసికొన్నచో, రెండవదానిని సాగనంపు త్రోవ కొంతయైనను కనబడునని నా నమ్మకము. ఆ నమ్మకముతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మశూచి సామాన్యమైన జబ్బు కాదు. సోకిన పది పన్నెండు రోజులకు తీవ్రమైన జ్వరము వచ్చెడిది. తరువాత ముఖముపైన, చేతులపైన, అరికాళ్ళ వరకు చీముపొక్కులు లేచెడివి. పెద్ద మశూచి పట్టిన ముగ్గురు నలుగురిలో ఒకరు మరణించెడివారు. బ్రతికినవారిలో కొందరికి చూపు పోయెడిది; పెక్కుమందికి ముఖముపై గుంటలు జీవితాంతము మిగిలెడివి. చికిత్స లేదు. ఇరువదవ శతాబ్దములోనే ప్రపంచమున సుమారు 30 కోట్ల మంది దీనికి బలియైనారని అంచనా.

మన పల్లెలలో దానిని రోగమని పిలుచుటకు కూడ జంకెడివారు. "అమ్మవారు పోసినది" అనెడివారు. గుమ్మమునకు వేపమండలు కట్టి, రోగిని వేపాకులపై పరుండబెట్టి, ఇంట తాళింపు వాసన రానీయక, అమ్మవారు శాంతించువరకు వేచియుండెడివారు. ముస్లిముల ఇండ్లలో తావీదు కట్టెడివారు; వేపమండ అక్కడకూడ కనబడెడిది. దీనిని అంతటిని మూఢత్వమని తీసివేయుట సులభము. చేయదగినది ఏమియు లేనపుడు మానవుడు ప్రార్థించును. అది తప్పు కాదు. పైగా ఆ వేపమండ బయటివారిని ఇంటిలోనికి రాకుండ ఆపిన గుర్తు కూడ. అంటువ్యాధి ఉన్న ఊరికి పోరాదనియు, తానున్న ఊరికి అది వచ్చినపుడు పారిపోరాదనియు ప్రవక్త ఉపదేశించినట్లు హదీసులు తెలుపుచున్నవి. ఎవరి భాషలో వారు ఒకే జాగ్రత్తను చెప్పుకొన్నారు.

నేడు అరువది దాటిన మన పెద్దల చేతులను చూడుడు. ముంజేతిపైననో, దండచేతిపైననో గుండ్రని మచ్చలు కనబడును. అవి మశూచి టీకా మచ్చలు. మా తరమువారి భుజముపై ఉన్నది క్షయ నివారణకు వేసిన టీకా గుర్తు. మశూచి టీకా మాకు అవసరమే కాలేదు. మాకు ముందటివారు మా కొరకు ఒక బాకీ తీర్చిపోయినారు. ఆ బాకీ తీరిన విధము మనము తెలిసికొనవలసి ఉన్నది.

ఈ రోగమును గూర్చి వైద్యులకు తెలియక అది ఇంతకాలము నిలిచినదని అనుకొనరాదు. వేయేండ్లకు పూర్వమే, బగ్దాదు ఆసుపత్రికి పెద్దగా ఉండిన అల్ రాజీ అను వైద్యుడు మశూచికిని, తట్టుకును గల భేదమును స్పష్టపరచుచు అరబ్బీ భాషలో ఒక గ్రంథము వ్రాసినాడు. 1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుపొక్కుల రసమును ఒక బాలుని చేతికి ఎక్కించి, అది మశూచినుండి కాపాడునని చూపినాడు. ఆరేండ్లకే, 1802 జూన్ 14న, బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు మన దేశములో మొదటి టీకా వేసినారు. అనగా మందు మన గడపలోనికి వచ్చిన తరువాత కూడ మశూచి మరి 173 సంవత్సరములు మన మధ్య తిరిగినది. మందు ఉన్నంతమాత్రమున రోగము పోదనుటకు ఇంతకంటె దృష్టాంతము ఏమి కావలెను?

కొంత లోపము సాధనములలో ఉండెను. ఎండవేడిమికి టీకామందు చెడిపోయెడిది. ఇరువదవ శతాబ్దము నడుమ, గడ్డకట్టించి ఎండబెట్టిన టీకామందు వచ్చినది. అది మన వేసవికి కూడ తట్టుకొన్నది. హైదరాబాదులోని నివారక వైద్య సంస్థ దానిని మన దేశములో తయారుచేసిన కేంద్రములలో ఒకటి. రెండు మొనల చిన్న సూది వచ్చినది. దానిని మందులో ముంచి చేతిపై పదిహేను పోట్లు పొడిచినచో చాలును. కొద్ది నిమిషముల శిక్షణతో సామాన్యుడు కూడ ఈ పని చేయగలిగినాడు.

నాయకత్వము కూడ కుదిరినది. 1958లో సోవియట్ దేశపు విక్టర్ ఝ్దానోవ్ ప్రపంచ ఆరోగ్య సభలో మశూచి నిర్మూలనమును ప్రతిపాదించినాడు. మరుసటి సంవత్సరమే సభ దానిని ఆమోదించినది. 1967లో తీవ్ర కార్యక్రమము మొదలైనపుడు అమెరికాకు చెందిన డి.ఏ. హెండర్సన్ దానికి నాయకుడైనాడు. అణుబాంబులు చూపి ఒకరినొకరు బెదిరించుకొనుచుండిన రెండు రాజ్యములు ఒక సూదిమొనపై ఏకమైనవి. 1967 నుండి 1979 వరకు ఈ పనికి ప్రపంచమంతట అయిన వ్యయము సుమారు 30 కోట్ల డాలర్లు మాత్రమే.

ఇంత ఉన్నను మన దేశములో చాలకాలము పని సాగలేదు. ఇక్కడనే నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఉన్నది. 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమము మొదలైనది. నూటికి ఎనుబదిమందికి టీకాలు వేయవలెనని లక్ష్యము. టీకాలు కోట్లలో పడినవి; నివేదికలు నిండినవి; రోగము మాత్రము పోలేదు. ఏలయనగా లెక్క పెట్టినది టీకాలను. బడిలో వరుసగా నిలుచు పిల్లలకు మరల మరల టీకాలు వేసినను లెక్క పెరుగును. పసిబిడ్డలు, కూలికి పోయినవారు, సంచారులు, ఊరి చివరనున్నవారు మాత్రము లెక్కకు అందలేదు. మశూచి వారినే వెదకికొని పోయినది. కాగితముపై లక్ష్యము నెరవేరుచుండగా, నేలపై రోగము సాగుచుండెను.

దీనికి మారుగా వచ్చిన ఆలోచన మిక్కిలి సామాన్యమైనది. ఎన్ని టీకాలు వేసినామని కాక, ఎందరు రోగులు మిగిలినారని అడుగవలెను. ప్రతి రోగిని వెదకవలెను. ఆ రోగి చుట్టునున్నవారికి వెంటనే టీకా వేసి, వ్యాధి దాటిపోకుండ కంచె కట్టవలెను. 1966 చివర నైజీరియాలో మందు చాలనపుడు విలియం ఫేగీ అను వైద్యుడు ఈ పద్ధతిని ఆచరించి ఫలితము చూసినాడు. మద్రాసు అంటువ్యాధుల ఆసుపత్రిలో డాక్టర్ ఎ. రామచంద్రరావు రోగుల కుటుంబములను ఒక్కొక్కటిగా పరిశీలించి, మశూచి గాలివార్తవలె ఊరంతట పాకునది కాదనియు, ఎక్కువగా ఒకే ఇంటివారికి, దగ్గరివారికి సోకుననియు చూపినాడు. రోగిని కనుగొన్నచో రోగమును ఆపవచ్చునను ధైర్యమునకు ఇట్టి పరిశీలనలే ఆధారములు.

1973 శరత్కాలమున ఉత్తర రాష్ట్రములలో ఇంటింటి సోదా మొదలైనది. ఆరోగ్య కార్యకర్తలు మశూచి పట్టిన బిడ్డ చిత్రము ముద్రించిన అట్టను చేతబట్టి బడులకు, సంతలకు, టీ దుకాణములకు, ఇండ్లకు పోయి "ఇట్టి బిడ్డను ఎక్కడనైన చూసినారా?" అని అడిగినారు. ఫలితము చూసి అధికారులు నిర్ఘాంతపోయినారు. నివేదికలలో లేని రోగులు వేలకొలది బయటపడినారు. ఆ వేళ నాయకత్వమునకు నిజమైన పరీక్ష వచ్చినది. లెక్క పెరిగినందుకు వెదకినవారిని శిక్షించుట ఒక మార్గము. చాల కార్యాలయములలో జరుగునది అదియే. ఇక్కడ అట్లు జరుగలేదు. డాక్టర్ ఎం.ఐ.డి. శర్మ, నికోల్ గ్రాసే మొదలగు నాయకులు పెరిగిన లెక్కను ఓటమిగా తలపక, దాగియున్న శత్రువు కంటబడినాడని తలచినారు. వెదకుటను ఇంకను పెంచినారు.

1974 వేసవి వచ్చునప్పటికి బీహారు మండిపోవుచుండెను. ఆ సంవత్సరము దేశములో సుమారు 1,88,000 మందికి మశూచి సోకగా, 31,000 మందికి పైగా మరణించినారు. టాటానగర్ నుండి రైళ్ళెక్కిన రోగులు, కూలీలు రోగమును వందల ఊళ్ళకు మోసికొనిపోయినారు. అప్పటికి దక్షిణ రాష్ట్రములు మశూచిని ఇంచుమించు వదలించుకొన్నవి. అయినను రైలుమార్గము ఉన్నంతవరకు ఒకరి క్షేమము ఒకరిది కాదు. హౌరా నుండి మద్రాసుకు పోవు దారిలో ఉన్న పలాస స్టేషనులో నిలుచున్నవారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు.

అప్పటి ఒక సంఘటనను ఫేగీ చెప్పియున్నాడు. వెదకు పద్ధతి విడిచి అందరికి టీకాలు వేయు పాత పద్ధతికే పోవలెనని బీహారు మంత్రి సభలో ప్రకటించబోగా, ఒక యువ భారతీయ వైద్యుడు లేచి, తాను పల్లెటూరివాడననియు, తమ ఊరిలో ఒక ఇల్లు అంటుకొన్నచో నీళ్ళు ఆ ఇంటిమీదనే పోయుదురు గాని ఊరిలోని ఇండ్లన్నిటిమీద పోయరనియు అన్నాడట. మంత్రి మరి ఒక నెల గడువు ఇచ్చినాడు. ఆ నెలలోనే ఫలితము కనబడసాగినది. ఆ యువకుని పేరు చరిత్రలో నిలువలేదు. నాయకత్వము కుర్చీలో మాత్రమే ఉండునని తలచువారు ఈ పేరులేని వైద్యుని తలచుకొనవలెను.

రోగి ఉన్న ఇంటిముందు రాత్రింబవళ్ళు కాపలాదారులను నిలిపినారు. పెక్కుచోట్ల ఆ ఊరివారినే కూలికి పెట్టినారు. రోగిని చూపినవారికి బహుమతి ప్రకటించినారు. రోగులు తగ్గుచున్నకొలది బహుమతి పెంచుచు వేయి రూపాయల వరకు పోయినారు. 1975 మే నెలలో అస్సాములోని కరీంగంజు రైల్వే స్టేషనులో, బంగ్లాదేశ్ నుండి వచ్చిన సైబన్ బీబీ అను ఒక బిచ్చగత్తె ఒంటిపై పొక్కులు కనబడినవి. మన నేలపై కనబడిన చివరి మశూచి రోగి ఆమె. 1977 ఏప్రిలులో అంతర్జాతీయ సంఘము భారతదేశమును మశూచిరహితమని ధ్రువీకరించినది.

1975 అక్టోబరులో బంగ్లాదేశ్‌లోని భోలా దీవిలో రహిమా బాను అను పసిపాపకు పెద్ద మశూచి వచ్చినది. ప్రపంచములో ఆ రకమునకు ఆమెయే చివరి రోగి. ఆ సంగతి అధికారులకు తెలిపినది బిల్కిసున్నిసా అను ఎనిమిదేండ్ల బాలిక. ఆమెకు 250 టాకాల బహుమతి లభించినది. 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కా పట్టణమున అలీ మావ్ మాలిన్ అను ఆసుపత్రి వంటవానికి మశూచి సోకినది. సహజముగా ఆ రోగము సోకిన చివరి మానవుడు అతడే. అతడు బ్రతికి, తరువాతి కాలమున పోలియో టీకాల ప్రచారములో పనిచేయుచు, 2013లో మలేరియాతో మరణించినాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలితమైనదని ప్రకటించినది.

ఆ చివరి పేర్లను మరల చదువుడు. స్టేషనులోని బిచ్చగత్తె, దీవిలోని పసిపాప, ఆసుపత్రి వంటవాడు. ఢిల్లీలోని మంత్రికిని, జెనీవాలోని అధికారికిని టీకా ఏనాడో అందియున్నది. ఈ ముగ్గురికి అందినపుడే పని ముగిసినది. కడపటి పేదవానిని చేరువరకు ప్రజారోగ్యము పూర్తి కాదను మాట ఉపన్యాసములలో తరచు విందుము. మశూచి విషయములో అది అక్షరాల జరిగిన చరిత్ర.

ఈ చరిత్రలో మచ్చ లేదని నేను అనను. ఆఖరి రెండు సంవత్సరములలో కొన్నిచోట్ల తలుపులు బద్దలుకొట్టి, వద్దన్నవారిని పట్టుకొని టీకాలు వేసిన సందర్భములు కలవు. అవసరము ఎంత గొప్పదైనను ఆ బలవంతము ప్రజల మనసులో భయమును మిగిల్చును. తరువాత వచ్చు మంచి పనికి కూడ అది అడ్డు నిలుచును. మనము నేర్చుకొనవలసినది వెదకుటను గాని, బలవంతమును కాదు.

ఇక మన ఇంటి సంగతికి వత్తును. ఒకప్పుడు ఉద్యానవనమని పేరుబడి, కాలక్రమమున ఉద్దానమైనదని చెప్పుకొను ఈ నేల, పడమట మహేంద్రగిరికిని తూర్పున సముద్రమునకును నడుమ కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండియున్నది. 1936కు పూర్వము ఇది గంజాం జిల్లాలో ఉండెను. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినపుడు దీనిలో చేరినది. ఇంత పచ్చని నేలపై రెండు మూడు దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి పాతుకొని కూర్చున్నది. 2019, 2020 సంవత్సరములలో ప్రకటితమైన రెండు సర్వేలు, ఒక్కొక్కటి రెండువేలకు పైబడిన పెద్దలను పరీక్షించి, ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండములు దెబ్బతిన్న గుర్తులు కలవని తెలిపినవి. వారిలో పెక్కుమందికి మధుమేహము వంటి తెలిసిన కారణము ఏదియు లేదు. నీటిలోని సిలికా అనియు, లోహములనియు, పురుగుమందులనియు, ఎండలో నీరు త్రాగక చేయు కాయకష్టమనియు, నొప్పి మాత్రలనియు, వంశపారంపర్యమనియు పలువురు పలు కారణములు చెప్పినారు. ఏ ఒక్కటియు నిస్సంశయముగా రుజువు కాలేదు. శ్రీలంకలోని అనురాధపురము రైతులను, మధ్య అమెరికాలోని చెరకు కూలీలను కూడ ఇట్టి వ్యాధియే బాధించుచున్నది.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట అన్యాయము. సోంపేట, పలాస, కవిటి, టెక్కలి ప్రాంతములలో డయాలసిస్ కేంద్రములు వచ్చినవి. డయాలసిస్ రోగులకు పింఛను వచ్చినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలం జలాశయమునుండి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానము పల్లెలకు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును ఆ సమయముననే ప్రారంభించినారు. ఒకప్పుడు విశాఖపట్టణము వరకు పోవలసిన రోగికి ఇవి గొప్ప ఊరట. కాదనువాడు కృతఘ్నుడు.

అయినను మశూచి చరిత్ర చదివినవాడు ఒక ప్రశ్న అడుగక మానడు. మనము దేనిని లెక్కించుచున్నాము? పడకలు ఇన్ని, యంత్రములు ఇన్ని, చేసిన డయాలసిస్‌లు ఇన్ని, ఇచ్చిన పింఛనులు ఇన్ని. 1962 నాటి టీకాల లెక్కవలె ఇవన్నియు మనము చేసిన పని లెక్కలు. రోగము లెక్క వేరు. ఈ సంవత్సరము ఈ ఊరిలో క్రొత్తగా ఎందరికి వ్యాధి మొదలైనది? పోయిన సంవత్సరముకంటె హెచ్చా, తగ్గా? వంశధార నీరు వచ్చిన ఊరిలో క్రొత్త రోగులు తగ్గినారా? నీరు రాని ఊరితో పోల్చిన భేదమేమైనను ఉన్నదా? ఊరూరికిని, ఏటేటను ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల చిట్టా కావలెను. డయాలసిస్‌లు పెరిగినవనుట సేవ పెరిగినదనుటకు గుర్తు కావచ్చును, రోగము పెరిగినదనుటకు గుర్తు కావచ్చును. ఏదియో చెప్పగలది ఆ చిట్టా ఒక్కటే.

ఈ రోగమునకును మశూచికిని గల భేదము నేను ఎరుగనివాడను కాను. ఇది అంటువ్యాధి కాదు, దీనికి టీకా లేదు, కారణమే తేలలేదు. మశూచి పొక్కును పసిపిల్ల కూడ గుర్తించును. మూత్రపిండము మౌనముగా చెడును. క్రియాటినిన్ పెరిగినట్లు కాగితముపై కనబడునప్పటికి మూత్రపిండముల శక్తిలో ఇంచుమించు సగము పోయి ఉండును. అందుచేతనే వెదకుట ఇక్కడ మరింత అవసరమని నా వాదము. కనబడు రోగమును వెదకుటకే లక్షమంది ఇల్లిల్లు తిరిగినపుడు, కనబడని రోగమును ఆసుపత్రిలో కూర్చుండి కనిపెట్టుట ఎట్లు సాధ్యము? పింఛనును, డయాలసిస్‌ను రోగము ముదిరిన తరువాత ఇంటికి వచ్చునవి. ముందుగా రావలసినది పరీక్ష.

కావున నా మనవి ఇది. ఉద్దానములో ప్రతి గ్రామమునకు ఒక రోగపు చిట్టా ఉండవలెను. యుక్తవయస్సు వచ్చిన ప్రతి వ్యక్తికి ఏడాదికొకసారి రక్తము, మూత్రము పరీక్షించి, ఫలితమును ఆ వ్యక్తి చేతికే, అతనికి తెలిసిన భాషలో ఇవ్వవలెను. పేర్లు గోప్యముగా ఉంచి, సంఖ్యలను మాత్రము గ్రామసభలో చదివి వినిపించవలెను. వలసపోయి పండుగకు వచ్చు కూలీలను, సముద్రముపై ఉండు మత్స్యకారులను, జీడి కర్మాగారములలో పనిచేయు స్త్రీలను విడిచిపెట్టరాదు. చిట్టా తప్పునది అట్టివారి దగ్గరనే. అధికారి మారినను, ప్రభుత్వము మారినను ఆ చిట్టా ఆగరాదు. పది పదునైదేండ్లు ఒకే పద్ధతిలో సాగిన లెక్కయే కారణమును పట్టి ఇచ్చును.

"వచ్చినారు, రక్తము తీసికొన్నారు, పోయినారు, ఫలితము చెప్పినవారు లేరు" అను మాట ఈ పల్లెలలో తరచు వినబడును. ఈ మాట పరిశోధనకు మశూచి నాటి బలవంతమంత హాని చేయును. రక్తము ఇచ్చినవానికి ఫలితము చెప్పుట దయ కాదు, ఋణము తీర్చుట. సంబంధములు తప్పిపోవునను భయముతో రోగమును దాచుకొను కుటుంబములు కలవు. ఉద్దానము పిల్లను చేసికొనుటకు, ఉద్దానమునకు పిల్లను ఇచ్చుటకు వెనుకాడువారు కలవు. ఇది అంటునది కాదని చెప్పుటకు వైద్యుడు ఒక్కడే చాలడు. బంధువు చెప్పవలెను, ఉపాధ్యాయుడు చెప్పవలెను, ఇమాము, పూజారి, పాస్టరు చెప్పవలెను.

లెక్క పెరిగినపుడు పత్రికలు అరచును; పైవారు సంజాయిషీ అడుగుదురు. అట్టి వేళ "అవును, పెరిగినది, వెదకినందువలన బయటపడినది" అని నిలిచి చెప్పగల అధికారి కావలెను. 1973లో అట్లు నిలిచినవారు ఉండుటచేతనే 1975లో మశూచి పోయినది. ప్రజారోగ్య నాయకత్వమనగా నా దృష్టిలో ఇదియే. చెడు వార్తను తెచ్చినవానికి బహుమతి ఇచ్చిన ప్రభుత్వము మన దేశములోనే ఒకప్పుడు ఉండెను. ఆ గుణము మరల రాకూడదా?

విద్యార్థులారా, ఈ మాటలు అధికారులకే అని మీరు పుట త్రిప్పివేయవద్దు. భోలా దీవిలో ఎనిమిదేండ్ల పిల్ల చేసిన పని మీకు సాధ్యము కానిది కాదు. సెలవులకు ఇంటికి పోయినపుడు మీ వీధిలో ఎవరు పరీక్ష చేయించుకొనలేదో కనుగొనుడు. వారిని దగ్గరి ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. నొప్పికి దుకాణములో మాత్ర కొని మ్రింగు తాతను ఆపుడు. ఎండలో తోటకు పోవు తండ్రి చేతికి మంచినీళ్ళ సీసా ఇయ్యుడు. ఇవి చిన్నపనులు. రెండు మొనల సూది కూడ చిన్నదే.

నేను భాష చెప్పుకొని బ్రతుకువాడను. మాటలు చచ్చిపోయినపుడు నాకు సాధారణముగా దుఃఖము కలుగును. ఒక మాట విషయములో మాత్రము నాకు వేరు కోరిక కలదు. ఇంకను ముప్పదేండ్లకు, ఈ కళాశాలలో నా స్థానమున నిలుచు మరియొక ఉపాధ్యాయుడు, వజ్రపుకొత్తూరునుండి వచ్చిన ఒక పిల్లను "క్రియాటినిన్ అనగా ఏమి?" అని అడుగవలెను. ఆ పిల్ల ప్రక్కవారి ముఖము చూసి, తెలియదని తల ఊపవలెను.